బాత్రూమ్‌కి కంపోస్టబుల్ బయోప్లాస్టిక్ వస్తువులు: ఎంచుకోవడం నుంచి మట్టిలో కలిపేదాకా

టూత్‌బ్రష్, సబ్బు డబ్బా, షాంపూ సీసా, ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం), చెవి పుల్లలు, చెత్తబుట్టలో వేసే కవరు... బాత్రూమ్‌లో ఎటు చూసినా ప్లాస్టికే. వీటన్నిటికీ ఇప్పుడు "కంపోస్టబుల్" రకాలు వచ్చాయి. మొక్కజొన్నతో చేసినవని, చెరకుతో చేసినవని, మట్టిలో కలిసిపోతాయని అమ్ముతున్నారు. చాలామంది మంచి మనసుతో, కాస్త ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొంటున్నారు. కానీ వాడకం అయ్యాక ఆ వస్తువు మామూలు చెత్తలోకే పోతే పెట్టిన డబ్బుకి, పడిన శ్రమకి అర్థం ఉండదు. అందుకే ఈ గైడ్‌ని చివరి నుంచి మొదలుపెడుతున్నాను. ఏం కొనాలి అన్నది తర్వాత, పారేసే రోజున ఇది ఎక్కడికి వెళ్తుంది అన్నది ముందు.

మొదటి పని: మీకు ఏ కంపోస్ట్ అందుబాటులో ఉందో తేల్చుకోండి

కంపోస్టబుల్ అంటే ఎక్కడ పడేసినా కరిగిపోతుందని కాదు. తగినంత వేడి, తేమ, గాలి, సూక్ష్మజీవులు ఉన్న చోట, ఒక గడువులోగా, కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్ళుగా, కాస్త జీవపదార్థంగా మారిపోతుందని మాత్రమే. అలాంటి చోట్లు రెండు. ఒకటి పెద్ద ఎత్తున నడిచే ఇండస్ట్రియల్ కంపోస్టింగ్ కేంద్రం. అక్కడ కుప్ప లోపల 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి వారాల తరబడి నిలుస్తుంది. రెండోది ఇంట్లో పెట్టుకునే తొట్టి లేదా పెరట్లో కుప్ప. అది అప్పుడప్పుడు వేడెక్కినా ఎక్కువ కాలం 20 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఈ తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ, ఏ వస్తువు మట్టవుతుంది, ఏది అలాగే మిగిలిపోతుంది అన్నది దాదాపు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ దగ్గర తడి చెత్తని విడిగా తీసుకెళ్ళే ఏర్పాటు ఉంటే అక్కడితో సంబరపడకండి, ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "సర్టిఫికెట్ ఉన్న కంపోస్టబుల్ ప్లాస్టిక్ మీరు తీసుకుంటారా?" కొన్ని కేంద్రాలు ఆహార వ్యర్థాలు, ఆకులు అలములు మాత్రమే తీసుకుంటాయి, ప్లాస్టిక్‌లా కనిపించే ప్రతిదాన్నీ ముందే ఏరి పక్కన పడేస్తాయి. అక్కడి మనుషులకి అది పీఎల్ఏనో (మొక్కల చక్కెరతో చేసే ప్లాస్టిక్) పాలిథీనో చూపుతో తెలిసే దారి లేదు మరి. ఇంకొన్ని చోట్ల పల్చటి కవర్లు తీసుకుంటారు, గట్టి వస్తువులు తీసుకోరు.

ఇంట్లో తొట్టి ఉంటే మంచిదే, అప్పుడు మీ ఎంపిక "హోమ్ కంపోస్టబుల్" వస్తువులకే పరిమితం. ఈ రెండు దారులూ లేకపోతే కంపోస్టబుల్ ప్లాస్టిక్ మీద డబ్బు పెట్టవద్దనే చెప్తాను. చెత్త గుట్టల అడుగున గాలి ఆడదు. అక్కడ పీఎల్ఏ దాదాపు మామూలు ప్లాస్టిక్‌లాగే ఉండిపోతుంది. పిండి పదార్థంతో చేసినవి, పీహెచ్ఏ (బ్యాక్టీరియా తయారుచేసే ప్లాస్టిక్) లాంటివి కుళ్ళినా గాలి లేక మీథేన్ పుట్టిస్తాయి. అలాంటప్పుడు ఏళ్ళ తరబడి వాడుకోగల స్టీలు, గాజు, పింగాణీ వస్తువులే నయం.

రెండో పని: ఉన్న వస్తువుల్ని బయటపెట్టి చూడండి

బాత్రూమ్‌లో ఉన్నవన్నీ నేల మీద పరిచి, ఒక్కోటీ ఎంతకాలం వాడతారో కాగితం మీద రాయండి. ఒక్కసారి వాడి పారేసేవి: చెవి పుల్లలు, ఫ్లాస్, సబ్బు మీది పల్చటి కవరు. వారాలు, నెలలు వాడేవి: టూత్‌బ్రష్, ఒంటి పీచు, షాంపూ సీసా. ఏళ్ళ తరబడి ఉండేవి: సబ్బు డబ్బా, బ్రష్‌లు పెట్టే గ్లాసు, చెత్తబుట్ట, షవర్ కర్టెన్.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కి తగిన చోటు మొదటి రెండు గుంపులే. ఏళ్ళ తరబడి తడిలో ఉండాల్సిన వస్తువుని మట్టిలో కలిసిపోయే పదార్థంతో చేయడంలోనే తిరకాసు ఉంది. తడికి చెక్కుచెదరకుండా ఉండాలంటే త్వరగా విరిగిపోని పదార్థం కావాలి, త్వరగా విరిగిపోని పదార్థం మీ తొట్టిలోనూ త్వరగా విరిగిపోదు.

ఇంకొక్క మాట. ఇప్పుడున్న ప్లాస్టిక్ సబ్బు డబ్బా బాగానే ఉంటే దాన్ని తీసిపారేసి కొత్తది కొనకండి. అది పగిలేదాకా వాడటం కంటే పర్యావరణానికి మేలు చేసే కొనుగోలు లేదు.

మూడో పని: పదార్థాల పేర్లు తెలుసుకోండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అమ్మేవాళ్ళ మాటల్లోని గందరగోళమంతా ఈ భాగంతో విడిపోతుంది. ముందు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి: దేనితో తయారైంది అన్నది ఒక ప్రశ్న, చివరికి ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న. చెరకు నుంచి తీసిన ఇథనాల్‌తో చేసే బయో పాలిథీన్ ఉంది, షాంపూ సీసాల మీద "మొక్కల నుంచి తయారైంది" అని రాసి ఉండేది చాలాసార్లు ఇదే. అది అణువు అణువునా మామూలు పాలిథీనే, మట్టిలో కలవదు. దీనికి సరిగ్గా తలకిందుల కథ పీబీఏటీది. అది ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కంపోస్టబుల్ చెత్త కవర్లలో పిండి పదార్థంతో పాటు సాగే గుణం కోసం కలిపేది ఎక్కువగా ఇదే.

పీఎల్ఏ అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మొక్కజొన్న, చెరకు లాంటి వాటిలోని చక్కెరని పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, దాన్ని పొడవాటి గొలుసుల్లా కడితే పీఎల్ఏ. గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. 55 నుంచి 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. దాని బలహీనత, అది మట్టిలో కలిసే దారి రెండూ ఆ అంకెలోనే ఉన్నాయి. సూక్ష్మజీవులు పీఎల్ఏని నేరుగా తినలేవు. ముందు నీళ్ళు ఆ గొలుసుల్ని చిన్న చిన్న ముక్కలుగా తెంపాలి. ఆ వేడి చేరితే గొలుసులు వదులై నీళ్ళు లోపలికి చొరబడతాయి, తెగడం వేగంగా సాగుతుంది. మామూలు వాతావరణపు వేడిలో గొలుసులు బిగుసుకునే ఉంటాయి. పీఎల్ఏ బ్రష్ పిడిని ఇంటి తొట్టిలో వేసి కొన్ని నెలల తర్వాత తీసి కడిగితే పైన అచ్చేసిన అక్షరాలు కూడా చదవగలిగేలా ఉంటాయి. వస్తువు నకిలీదేమీ కాదు, దానికి కావలసిన వేడి అందలేదంతే. సముద్రంలో కూడా ఇదే కథ, చల్లటి నీళ్ళలో అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

పీహెచ్ఏ దారి వేరు. కొన్ని బ్యాక్టీరియాలు తిండి ఎక్కువైనప్పుడు దాన్ని తమ లోపల కొవ్వులా దాచుకుంటాయి, ఆ దాచుకున్న పదార్థమే ఇది. ఫ్రాన్స్‌లో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త 1926లోనే ఈ కుటుంబంలో ఒకటైన పీహెచ్‌బీని గుర్తించారు. బ్యాక్టీరియా దాచుకున్నదే కాబట్టి దాన్ని తెంపుకుని తినే ఎంజైములు ప్రకృతిలో చాలా సూక్ష్మజీవులకి ఉన్నాయి. అందుకే పీహెచ్ఏ పెద్ద వేడి లేకుండానే మట్టిలోనూ, సముద్రపు నీళ్ళలోనూ కూడా విరుగుతుంది. కొన్నాళ్ళు మట్టిలో ఉంచి తీస్తే తేడా కంటికే తెలుస్తుంది: నునుపు పోయి, సుద్దలా తెల్లబడి, గోటితో గీరితే పొడి రాలుతుంది. ధర ఎక్కువ, దొరకడం తక్కువ. అయినా ఇంటి తొట్టి ఉన్నవాళ్ళు వెతకాల్సింది దీనినే.

సెల్యులోజ్ అసిటేట్ అని ఇంకోటి ఉంది, చెక్క గుజ్జు లేదా పత్తి నుంచి చేస్తారు, దువ్వెనలు, బ్రష్ పిడులు వస్తాయి. అందంగా ఉంటుంది, మట్టిలో కలవడం మాత్రం చాలా నెమ్మది. అదే సెల్యులోజ్‌తో చేసే అసలైన సెల్లోఫేన్ అయితే, పైన ప్లాస్టిక్ పూత లేకపోతే, తొట్టిలో చక్కగా కలిసిపోతుంది.

"వెదురు పీచు"తో చేసిన గ్లాసులు, సబ్బు డబ్బాలతో జాగ్రత్త. నునుపుగా, రంగురంగులుగా, పింగాణీలా గట్టిగా ఉంటే అది వెదురు పొడిని మెలమైన్ రెజిన్‌తో కలిపి అచ్చుపోసింది కావచ్చు. మెలమైన్ రెజిన్ ఒకసారి గట్టిపడితే కరగదు, మట్టిలో కలవదు, రీసైకిల్ కూడా కాదు. వెదురు కర్రని కోసి చేసిన వస్తువు వేరు, ఇది వేరు.

నాలుగో పని: లేబుల్‌ని నమ్మేముందు చదవండి

"బయోడిగ్రేడబుల్", "ఎకో", "ప్రకృతి హితం" లాంటి మాటలకి ఎంత కాలంలో, ఎక్కడ అనే వివరం లేకపోతే విలువ లేదు. "ఆక్సో డిగ్రేడబుల్" అని కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చేయండి. అది మామూలు ప్లాస్టిక్‌కి త్వరగా ముక్కలయ్యే మందు కలిపింది, ముక్కలు అవుతుందే గానీ మట్టి అవ్వదు. యూరోపియన్ యూనియన్ 2021 జులై నుంచి వీటిని అమ్మకుండా నిషేధించింది కూడా.

మీరు వెతకాల్సింది ప్రమాణం పేరు, సర్టిఫికెట్ నంబరు. ఇండస్ట్రియల్ కంపోస్టింగ్‌కి యూరప్ ప్రమాణం ఈఎన్ 13432, అమెరికా ప్రమాణం ఏఎస్టీఎం డీ6400, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17088 అనేవి ముఖ్యమైనవి. ఈఎన్ 13432 పాస్ కావాలంటే వస్తువు 12 వారాల్లో ఎంతగా చితికిపోవాలంటే, 2 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లిస్తే పదో వంతుకు మించి పైన మిగలకూడదు. 6 నెలల్లోపు 90 శాతం జీవ విచ్ఛిన్నం కావాలి, భార లోహాలు పరిమితి దాటకూడదు, ఆ కంపోస్ట్‌లో మొక్కలు మామూలుగా పెరగాలి. ఇంటి తొట్టికైతే "ఓకే కంపోస్ట్ హోమ్" గుర్తు, ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 5810, ఫ్రాన్స్ ప్రమాణం ఎన్‌ఎఫ్ టీ51-800 చూడండి. వీటి పరీక్షలు మామూలు వాతావరణపు వేడిలోనే, ఏడాది దాకా గడువిచ్చి చేస్తారు. "ఓకే కంపోస్ట్ ఇండస్ట్రియల్" గుర్తు కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, కాబట్టి చివరి పదం ఏముందో తప్పకుండా చదవండి.

సర్టిఫికెట్ కూడా మందాన్ని బట్టి ఇస్తారు. ఒక పదార్థం పల్చటి ఫిల్మ్‌గా పాస్ అయితే అదే పదార్థంతో చేసిన మందపాటి డబ్బా కూడా పాస్ అయినట్టు కాదు. అందుకే ముడిసరుకుకి కాకుండా, మీ చేతిలో ఉన్న వస్తువుకే సర్టిఫికెట్ ఉందా అని అడగండి.

లేబుల్ లేని పాత వస్తువు మీద అనుమానముంటే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. చిన్న ముక్క కోసి నీళ్ళలో ముంచి, అంటుకున్న గాలి బుడగలు పోయేలా కదిపి వదలండి. తేలితే అది పాలిథీనో పాలీప్రొపిలీనో లాంటి మామూలు ప్లాస్టిక్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, "మొక్కల నుంచి" అని రాసున్న సీసా గుట్టు ఇక్కడే బయటపడుతుంది. పీఎల్ఏ, పీహెచ్ఏ నీటికంటే బరువైనవి, మునుగుతాయి. అలాగని మునిగిన ప్రతిదీ కంపోస్టబుల్ అనుకోకండి, నైలాన్, పెట్ (నీళ్ళ సీసాలు చేసే ప్లాస్టిక్), మెలమైన్ కూడా మునుగుతాయి.

ఐదో పని: ఒక్కో వస్తువుగా మార్చుకుంటూ రండి

చెత్తబుట్ట కవరుతో మొదలుపెట్టండి, కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కి బాత్రూమ్‌లో అన్నిటికంటే న్యాయమైన చోటు అదే. వెంట్రుకలు, గోళ్ళు, శుభ్రమైన దూది, టిష్యూలు, టాయిలెట్ రోల్ అట్టలు అన్నీ కంపోస్ట్ అయ్యేవే, కవరుతో సహా తొట్టిలోకి వెళ్ళిపోతాయి. హోమ్ గుర్తు ఉన్నవి తీసుకోండి. తయారీ తేదీ చూసి కొద్దికొద్దిగా కొనండి, ఎందుకంటే వేడికీ తేమకీ ఈ కవర్లు అల్మారాలో ఉండగానే బలహీనపడతాయి. తడి చెత్త వేసిన కవర్ని రోజుల తరబడి అలాగే ఉంచితే అడుగు చిరుగుతుంది, రెండు మూడు రోజులకోసారి మార్చేయండి.

టూత్‌బ్రష్ దగ్గర పిడి ఒక సంగతి, బ్రిసిల్స్ (పళ్ళు తోమే కుచ్చులు) ఇంకో సంగతి. 1938లో నైలాన్ వచ్చినప్పటి నుంచి దాదాపు అన్ని బ్రష్‌ల బ్రిసిల్స్ నైలానే. ఆముదం నుంచి చేసే నైలాన్ 11 కూడా ఉంది, "మొక్కల బ్రిసిల్స్" అంటే తరచూ ఇదే, కానీ అది కూడా మట్టిలో కలవదు. పంది వెంట్రుకలతో చేసినవి కలుస్తాయి గానీ అవి గరుకు, తడి పట్టుకుంటాయి, నేనైతే పళ్ళ కోసం నైలానే వాడమంటాను. మూడు నాలుగు నెలలకోసారి బ్రష్ మార్చాల్సిందే కాబట్టి తల మాత్రమే మార్చుకునే వీలున్న రకం దొరికితే ఇంకా మంచిది.

ఫ్లాస్ మామూలుగా నైలాన్ లేదా టెఫ్లాన్ జాతి దారం. పీఎల్ఏ ఫ్లాస్ దొరుకుతుంది, పట్టు ఫ్లాస్ కూడా దొరుకుతుంది, ఇంటి తొట్టి వాళ్ళకి పట్టుదే సరి. పైన పూసిన మైనం మొక్కలదో, తేనెటీగలదో అయ్యుండాలి. చెవి పుల్లలకి బయోప్లాస్టిక్ అక్కర్లేదు, కాగితం పుల్లలున్నాయి. ఒంటి పీచుకి బీరపీచుని మించింది లేదు.

షాంపూ సీసా విషయంలో కంపోస్టబుల్ సీసా వెతకడం కంటే సబ్బులా గడ్డకట్టిన షాంపూ వాడి సీసానే మానేయడం తేలిక. పంపు ఉన్న సీసా అయితే, సీసా ఏదైనా సరే, ఆ పంపులో ఉక్కు స్ప్రింగు, పాలీప్రొపిలీన్ ముక్కలు, ఒక గోలీ ఉంటాయి, అది ఎప్పటికీ కంపోస్ట్ కాదు. పీఎల్ఏ సీసాని పొరపాటున కూడా పెట్ సీసాల రీసైక్లింగ్‌లో వేయకండి, కొద్దిగా కలిసినా ఆ పెట్ నాణ్యత పాడవుతుంది.

సబ్బు డబ్బా, గ్లాసు స్టీలు లేదా పింగాణీ. రేజర్‌కి బ్లేడు మార్చుకునే లోహపుది. షవర్ కర్టెన్‌కి మందపాటి నూలు గుడ్డ. పీవీసీ బదులు అని అమ్మే పెవా అనే ప్లాస్టిక్ కూడా కంపోస్టబుల్ కాదు.

ఆరో పని: వాడేటప్పుడు

పీఎల్ఏ వస్తువుల్ని గీజర్ నుంచి వచ్చే బాగా వేడి నీళ్ళ కింద పెట్టకండి, ఒంకర్లు పోతాయి. హెయిర్ డ్రయ్యర్ పక్కన, ఎండపడే కిటికీ గట్టు మీద కూడా వద్దు. పైపులు శుభ్రం చేసే కాస్టిక్ సోడా లాంటి క్షార ద్రావణాలు పీఎల్ఏ గొలుసుల్ని తెంపేస్తాయి, బ్లీచ్‌కీ దూరంగా ఉంచండి. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ ఒక్క చుక్క పడినా సెల్యులోజ్ అసిటేట్ దువ్వెన మీద మచ్చ పడి జిగురవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు చాలు. వాడాక నీళ్ళు కారిపోయేలా ఆరబెడితే ఎక్కువకాలం మన్నుతాయి. ఇక టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయడం అసలు వద్దు, ప్యాకెట్ మీద ఏమి రాసున్నా సరే. నీళ్ళ పైపుల్లో కంపోస్టింగ్ జరగదు.

ఏడో పని: తొట్టిలో వేయడం

టూత్‌బ్రష్‌ని నేరుగా వేయకూడదు. సన్నని మొన ఉన్న పట్టకారుతో ఒక్కో బ్రిసిల్ కుచ్చునీ గట్టిగా పట్టి పైకి లాగండి. చాలా బ్రష్‌లలో కుచ్చుని మధ్యకి మడిచి ఒక చిన్న లోహపు ముక్కతో రంధ్రంలో బిగిస్తారు, కుచ్చుతో పాటు అది కూడా బయటికి రావాలి. రాకపోతే తల మొత్తం కోసేసి మామూలు చెత్తలో వేయండి, పిడి మాత్రమే ఉంచుకోండి. స్టిక్కర్లు, రబ్బరు పట్టీలు, స్క్రూలు ఉంటే తీసేయాలి.

తర్వాత వీలైనంత చిన్న ముక్కలు చేయండి. కంటికి రక్షణ పెట్టుకోండి, గట్టి బయోప్లాస్టిక్ కోసేటప్పుడు ముక్కలు ఎగురుతాయి. ముక్క ఎంత చిన్నదైతే నీళ్ళకీ సూక్ష్మజీవులకీ అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. వాటిని పైపైన చల్లకుండా కుప్ప నడిమధ్యలో, వేడి ఉన్న చోట పాతిపెట్టండి.

ఈ ప్లాస్టిక్‌లలో కార్బన్ ఉంటుందే గానీ నత్రజని దాదాపు ఉండదు. కాబట్టి వీటిని ఎండుటాకులు, అట్టముక్కల లెక్కలోనే వేసుకుని, పచ్చి తొక్కలు, గడ్డి లాంటివి తగినంత కలపండి. కార్బన్, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30కి 1 ఉంటే కుప్ప బాగా పనిచేస్తుంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉండాలి. వారానికోసారి తిరగేయండి. కుప్ప ఒక ఘనపు మీటరుకి దగ్గరగా ఉంటేనే లోపల వేడి నిలుస్తుంది, చిన్న తొట్టి ఉన్నవాళ్ళు పల్చటి కవర్లకే పరిమితమైతే మంచిది.

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కంపోస్టబుల్ అని రాసున్నా ఇంటి తొట్టిలో వేయకండి. వాటిలోని క్రిముల్ని చంపేంత వేడి అక్కడ నిలకడగా రాదు. మందులు, కెమికల్స్ అంటిన దూది కూడా అంతే.

కంపోస్ట్ తయారయ్యాక మొక్కలకి వేసేముందు సన్న జల్లెడ పట్టండి. సగం విరిగిన ప్లాస్టిక్ ముక్కలు తోట మట్టిలోకి వెళ్తే అక్కడ వేడీ తక్కువ, కుప్పలో ఉన్నన్ని సూక్ష్మజీవులూ ఉండవు, ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. జల్లెడలో మిగిలినవాటిని ఏరి మళ్ళీ కొత్త కుప్ప మధ్యలో వేయండి. రెండో విడతలో కూడా అలాగే మిగిలితే మామూలు చెత్తలో వేసేసి, ఏ కంపెనీ వస్తువో, ఎన్ని నెలలు ఉంచారో తొట్టి పక్కన వేలాడదీసిన కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్ళీ కొనేటప్పుడు ఏ ప్రకటన కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.